హిస్టమినును దాని విరోధులును



మన యిండ్లలో మందుల డబ్బా తెరచి చూచినచో, అందు జ్వరపు మాత్రల ప్రక్కనే మరియొక చిన్న బిళ్ళ తరచుగా కానవచ్చును. పడిశము పట్టినను, ఒడలు దద్దురెక్కినను, పురుగు కుట్టినను, రొయ్యలు సరిపడకున్నను మన చేయి దానిమీదికే పోవును. కొందరు దానిని ఆవిల్ అందురు. కొందరు సెటిరిజిను అందురు. పేరు పట్టింపు లేనివారు దురద బిళ్ళ యందురు. ఈ జాతి మందులన్నిటికిని వైద్యులు ఆంటీహిస్టమినులని పేరిడిరి. హిస్టమినను పదార్థమునకు విరోధులని దాని యర్థము. ఈ బిళ్ళ శరీరములోనికి పోయి యెవరితో పోరాడుచున్నది? ఎంతవరకు గెలుచుచున్నది? ఎక్కడ ఓడిపోవుచున్నది? ఈ మూడు ప్రశ్నలకును నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగము.

ఇందు మూడవ ప్రశ్న నాకు పుస్తకములో పుట్టినది కాదు. నేను వైద్యవిద్య చదువుచున్న దినములలో ఒక వేసవి సెలవులకు మా గ్రామమునకు పోయితిని. ఒకనాటి యుదయమున మా మేనత్త దొడ్డిలో మునగకాయలు కోయించుచుండగా కందిరీగలు రేగి యామెను నాలుగైదు చోట్ల కుట్టినవి. పది నిమిషములలో చేతులు, మెడ, వీపు అంతయు దద్దురెక్కినది. నా పెట్టెలో ఈ బిళ్ళలుండెను. ఒకటి మ్రింగించితిని. అరగంటకు దురద సన్నగిల్లెను, దద్దురులు పలుచబడెను. ఇంటిల్లిపాదియు నన్ను మెచ్చుకొనిరి. "చదువుకున్నవాడు ఇంట్లో ఉంటే ఇదే లాభం" అని మా తాతగా రనగా నేనును లోలోన పొంగితిని. అంతలో అత్తయ్య నన్ను పిలిచి, "ఒరే అబ్బాయీ, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందిరా, కళ్ళు తిరుగుతున్నాయి" అనినది. ఆమె కంఠధ్వని మారినది. ముఖము పాలిపోయినది. "మందు వేశాం కదా అత్తయ్యా, కాసేపు పడుకో, తగ్గిపోతుంది" అంటిని. ఆ మాట నేటికిని నా చెవులలో మ్రోగుచునే యున్నది.

మా మామయ్య నా మాట నమ్మలేదు. పొరుగువారి కారులో ఆమెను పరుండబెట్టి పట్టణమునకు చేర్చెను. అచటి వైద్యుడు ఒక్క మాటయైన అడుగకముందే ఆమె తొడలో సూదిమందు వేసెను. కొలది నిమిషములలో శ్వాస తెరపి పడినది. సాయంకాలమున ఆయన నన్ను ప్రక్కకు పిలిచి, "బాబూ, నువ్వు చర్మం చూశావు. ఊపిరి చూడలేదు" అనెను. ఆయన అంతకుమించి యేమియు అనలేదు. చర్మము కుదుటపడుచుండగా ఊపిరి యేల చెడినది? ఒకే కందిరీగ విషము, ఒకే దేహము, ఒకే బిళ్ళ. ఈ చిక్కు విడదీయుటకు మొదట శోథమనగా ఏమో తెలిసికొనవలెను.

దెబ్బ తగిలినచోటను, ముల్లు గ్రుచ్చుకొనినచోటను మనకు నాలుగు లక్షణములు కానవచ్చును: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. క్రీస్తుశకము మొదటి శతాబ్దములో రోమునగరమున సెల్సస్ అను గ్రంథకర్త ఈ నాల్గింటిని వరుసగా పేర్కొనెను. దీనినే మనము శోథమందుము. ఇది స్వభావముచే శత్రువు కాదు. చొరబడిన క్రిమిని పట్టుకొనుటకు రక్షకకణములు రక్తనాళములను విడిచి ఆ చోటికి రావలెను. వచ్చుటకు దారి కావలెను. దారి యిచ్చుటకు నాళములు వెడలుపు కావలెను, వాటి గోడలు సందు లీయవలెను. అట్లు వెడలుపయినందున ఎరుపును వేడియు, సందులనుండి నీరు కారినందున వాపును కలుగుచున్నవి. ఊరికి నిప్పంటుకొన్నపుడు తలుపులు తీసి జనమును బయటికి రప్పించుట వంటి పని యిది. కాని నిప్పు లేకయే తలుపులన్నియు ఒక్కసారిగా తెరచుకొన్నచో? పుప్పొడి, దుమ్ము, రొయ్య, వేరుసెనగ, కందిరీగ విషము వీనిని క్రిముల సైన్యమని భ్రమించి శరీరము చేయు ఆర్భాటమునే అలర్జీ యందురు. ఈ మాటను 1906లో వియన్నా నగరపు వైద్యుడు పిర్కే కల్పించెను.

ఈ తలుపులు తీయు తాళపుచెవులలో ముఖ్యమైనది హిస్టమిను. 1907లో జర్మనీలో విండౌస్, వోగ్ట్ అనువారు దీనిని ప్రయోగశాలలో తయారుచేసిరి; దీని ప్రభావము మాత్రము వా రెరుగరు. 1910లో ఇంగ్లండులో హెన్రీ డేలును ఆయన సహచరులును రై ధాన్యపు కంకులకు పట్టు ఎర్గాటను బూజునుండి దీనిని వేరుచేసి, జంతువులపై పరీక్షించిరి. రక్తపు పోటు పడిపోయెను. గినీపందులలో శ్వాసనాళములు బిగిసికొనిపోయెను. 1927లో డేలు బృందమే అప్పటికప్పుడు తీసిన ఊపిరితిత్తులనుండియు కాలేయమునుండియు దీనిని రాబట్టి, ఇది దేహమునందు స్వతస్సిద్ధముగా నుండు వస్తువని రుజువు చేసెను. గ్రీకుభాషలో కణజాలమునకు గల పదమునుండి దీనికి ఆ పేరు వచ్చినది.

శ్రోతలు కావలసినచో ఒక చిన్న పరీక్ష యింటనే చేసి చూడవచ్చును. ముంజేతిమీద మొద్దుగానున్న పెన్సిలు చివరతో కొంచెము గట్టిగా ఒక గీత గీయుడు. మొదట గీత పొడవునను ఎరుపు తేలును. పిమ్మట దాని కిరుప్రక్కల ఎరుపు వ్యాపించును. కొందరిలో ఆ గీతయే చిన్న గట్టువలె ఉబ్బును. లండనులో థామస్ లూయిస్ అను వైద్యుడు 1927లో ఈ మూడు మెట్లను వివరించి, చర్మములోనుండి హిస్టమిను వంటి పదార్థమేదియో విడుదలగుచున్నదని వాదించెను. మన దద్దురు అదే. పెన్సిలు పని అలర్జీ చేయుచున్నది, అంతే భేదము.

ఈ హిస్టమిను ఎక్కడ దాగియుండును? 1878లో పౌల్ ఎర్లిక్ అను జర్మను యువకుడు వైద్యపట్టమునకై వ్రాసిన వ్యాసములో, రంగు పట్టించినపుడు కడుపునిండ రేణువులతో కానవచ్చు కొన్ని కణములను వర్ణించెను. అవి బాగుగా మేసి బలిసినవని తలంచి, జర్మనులో మేతకు సంబంధించిన మాస్టు అను పదముతో వాటికి పేరు పెట్టెను. ఆ రేణువులు మేత కాదు, సరకు. 1953లో రైలీ, వెస్టు అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు కణజాలమునందలి హిస్టమినులో అధికభాగము ఈ మాస్టు కణములందే మూటలుగట్టి యున్నదని చూపిరి. చర్మము క్రిందను, ముక్కు పొరలలోను, శ్వాసనాళముల గోడలలోను, ప్రేగులలోను, అనగా బయటిలోకము మనలను తాకు ప్రతి సరిహద్దునందును ఈ కణములు కావలి కాయుచుండును.

కావలివాడు ఎవరిని చూచి కేక వేయవలెనో అతనికి చెప్పువారెవరు? ఈ సంగతి తెలిసిన విధము వినదగినది. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అను ఇరువురు వైద్యులుండిరి. క్యూస్ట్నరునకు వండిన చేప సరిపడదు. ప్రౌస్నిట్జునకు చేప వలన ఏ బాధయు లేదు. క్యూస్ట్నరు నెత్తుటిలోని నీటిని కొంచెము తీసి ప్రౌస్నిట్జు చర్మములోనికి ఎక్కించిరి. మరునాడు అదే చోట చేప సారమును సూదితో పెట్టగా, ఎన్నడును చేప వలన బాధపడని ఆయన చర్మమున దద్దురు లేచినది. అనగా ఒకని అలర్జీ మరియొకని కిచ్చునట్టి వస్తువేదో నెత్తుటిలో నున్నదని తేలినది. ఆ వస్తువు ఐ.జి.ఇ. అను ప్రతిరక్షకమని 1966-67 సంవత్సరములలో అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యొహాన్సన్, బెన్నిచ్ అనువారును వేర్వేరుగా కనుగొనిరి.

నడచు విధము చెప్పెదను. కందిరీగ మొదటిసారి కుట్టినపుడు తరచుగా విశేష మేమియు జరుగదు. కాని కొందరిలో శరీరము ఆ విషమునకు తగిన ఐ.జి.ఇ. తయారుచేసి పెట్టుకొనును. అవి పోయి మాస్టు కణముల మీద కొక్కెములవలె తగులుకొని కూర్చుండును. నెలలకో, యేండ్లకో మరల కుట్టినపుడు, విషపు అణువు రెండు కొక్కెములను ఒక్కసారిగా పట్టి కలుపును. అంతే, కణము తన మూటలను బయటికి విసరివేయును. ఇదంతయు నిమిషములలో జరుగును. విడుదలయైన హిస్టమిను చిన్న రక్తనాళముల కణములను ఎడముచేసి నీరు కార్చును, నరముల కొనలను తాకి దురద పుట్టించును, ముక్కులో తుమ్ములను రప్పించును, శ్వాసనాళములను బిగించును.

ఇక విరోధుల కథ. 1937లో పారిసు నగరమున పాస్టరు సంస్థలో డేనియల్ బోవేయు, ఆన్ మరీ స్టౌబును హిస్టమిను దెబ్బనుండి గినీపందులను కాపాడు మొదటి మందును కనుగొనిరి. అది మనుష్యుల కీయదగినంత సాధువు కాదు. 1942లో ఫ్రాన్సులోనే హాల్పెర్న్ మనుష్యులకు ఉపయోగపడు ఆంటెర్గానును వాడుకలోనికి తెచ్చెను. 1946లో అమెరికాలో బెనడ్రిల్ అంగళ్ళకు వచ్చెను. బోవేకు 1957లో నోబెలు బహుమానము లభించెను.

ఈ మందు పనిచేయు విధమును గూర్చి చాలకాలము ఒక సరళమైన యభిప్రాయముండెను. కణముమీద హిస్టమిను కూర్చుండుటకు ఒక పీట కలదు. దానికి గ్రాహకమని పేరు. బిళ్ళ ముందుగా పోయి పీట నాక్రమించును. హిస్టమిను వచ్చి చోటు లేక నిలిచిపోవును. ఇందు అబద్ధము లేదు, కాని సత్యమంతయు లేదు. మన పల్లెలలో వెనుక ఏతములుండెడివి. తొక్కువాడు లేకున్నను గాలికి ఆ మ్రాను కొంచెము కొంచెము ఊగుచునే యుండును. ఈ గ్రాహకమును అట్టిదే. హిస్టమిను లేనపుడును అది విశ్రాంతివైపునకును పనివైపునకును కొద్దికొద్దిగా ఊగుచు, కణములోనికి సన్ననిసంకేతము పంపుచునే యుండును. హిస్టమిను పనివైపు నిలిచి తొక్కువాని వంటిది. బిళ్ళ యన్ననో, విశ్రాంతివైపు కట్టిన రాయి వంటిది. తొక్కువానిని అడ్డుకొనుటయే గాక, ఊరక ఊగుటను సైతము ఆపివేయును. కనుకనే పుప్పొడి కాలమున ముక్కు బాధపడువారు, తుమ్ములు ముదిరిన పిమ్మట కంటె ముందునుండియే దినదినమును మాత్ర వేసికొన్నచో ఎక్కువ మేలు పొందుచున్నారు.

ఈ సంకేతము కణములోనికి పోయి యేమి చేయును? ఇచటనే మన విషయము నీటివాపును దాటి రక్షకకణముల లోతునకు దిగుచున్నది. రక్షకకణములలో ఎన్.ఎఫ్. కప్పా-బి అను ఒక ప్రోటీను కలదు. సాధారణముగా నది కణద్రవములో బంధింపబడి యుండును. సంకేతము చేరినపుడు బంధము వీడి, కణకేంద్రములోనికి పోయి, శోథమునకు కావలసిన వస్తువులను వ్రాయించు జన్యువులను మేల్కొల్పును. ఇతర కణములను పిలుచు లేఖల వంటి సైటోకైనులును, రక్తనాళపు గోడకు తెల్లకణములు అంటుకొనుటకు కావలసిన జిగురు వంటి అణువులును అట్లు తయారగును. హిస్టమిను గ్రాహకము ఈ ప్రోటీనును ప్రోత్సహించుచున్నదనియు, ఆంటీహిస్టమినులు ఆ ప్రోత్సాహమును తగ్గించుననియు 2001 ప్రాంతమున ప్రయోగశాలలలో తేలినది. సెటిరిజిను, లొరటడిను వంటివి తీసికొన్న అలర్జీ రోగుల ముక్కుపొరలలోను కంటిపొరలలోను ఆ జిగురు అణువులు తగ్గుటయు, చర్మమునకు ఇసినోఫిలులను తెల్లకణముల రాక తగ్గుటయు వైద్యులు చూచిరి. అనగా బిళ్ళ కారుచున్న నీటిని ఆపుటయే గాక, వెనుకనుండి రాబోవు దండును సైతము కొంత పలుచపరచుచున్నది.

కాని యిచట ఒక హెచ్చరిక అవసరము. గాజుపాత్రలో కణములపై పోసినంత మందు బిళ్ళ మ్రింగినవాని నెత్తుటిలో నుండదు. మాస్టు కణము మూటలు విప్పకుండ చేయుటవంటి కొన్ని ఘనకార్యములు పాత్రలో అధికమాత్రలోనే కానవచ్చినవి. కావున ఆంటీహిస్టమినులు శోథమును మొత్తముగా అణచు మందులని తలంచరాదు. ఆ పనికి స్టెరాయిడులు వేరుగా కలవు.

మరియొక చిక్కు కలదు. హిస్టమినునకు పీట ఒక్కటి కాదు, నాలుగు. మనము చెప్పుకొన్నది మొదటిది. రెండవది కడుపులో ఆమ్లమును స్రవింపజేయునది. దానిని 1972లో జేమ్స్ బ్లాకు వేరుపరచి చూపెను. మూడవది ముఖ్యముగా మెదడులో నున్నది. నాల్గవది 2000 సంవత్సరమున వెలుగులోనికి వచ్చినది. అది రక్షకకణములమీదనే మెండుగా నున్నది. లింఫోసైటులలో మొదటి పీట ద్వారా హిస్టమిను ఉత్సాహమును, రెండవ పీట ద్వారా నిగ్రహమును కలిగించుచున్నదని 2001లో చూపిరి. అనగా ఒకే మాట ఒక చెవికి రమ్మనియు, మరియొక చెవికి చాలుననియు వినబడుచున్నది. ప్రకృతి తగవు పెట్టుటకును, తీర్చుటకును ఒకే దూతను పంపుచున్నది! మన దురద బిళ్ళ మొదటి చెవిని మాత్రమే మూయును.

అన్ని దురదలును హిస్టమిను వలననే కలుగవు. పొలముగట్ల నుండు దూలగొండి కాయ నూగు ఒంటికి తగిలినవాడు గోకికొని గోకికొని విసుగును. ఆ నూగులో నున్నది ప్రోటీనులను కోయు ఒక ఎంజైము. అది వేరు దారిని నరములను రేపును. కనుక దాని దురద ఈ బిళ్ళకు లొంగదు. తామర దురదకు మూలము బూజు. గజ్జి దురదకు మూలము చర్మములో తొలుచు పురుగు. మూలమునకు మందు వేయక దినమున కొక దురద బిళ్ళ మ్రింగుట తలుపు తట్టువానిని చూడక చెవులు మూసికొనుట వంటిది.

ఇపుడు మా మేనత్త కథకు వచ్చెదను. మాస్టు కణము విసరిన మూటలలో హిస్టమిను ఒక్కటే లేదు. ప్రోటీనులను ఖండించు ట్రిప్టేజు కలదు. అదిగాక, ఆ కణము కొలది నిమిషములలో క్రొత్తగా తయారుచేయు ప్రోస్టాగ్లాండినులు, ల్యూకోట్రయినులు కలవు. ఈ ల్యూకోట్రయినుల స్వరూపమును 1979లో స్వీడనులో సామ్యూల్సన్ నిర్ణయించెను. శ్వాసనాళములను బిగించుటలో అవి హిస్టమినును మించినవి. వాటిపై ఆంటీహిస్టమినునకు అధికారము లేదు. ఉబ్బసమునకు ఈ బిళ్ళ చాలకపోవుటకు ఇదియు ఒక కారణము. ఇక నేను ఆనాడు చూచి సంతోషించిన దద్దురు తగ్గుదల సంగతి. బిళ్ళ కడుపులో కరగి పూర్తిబలమునకు వచ్చుటకు గంటయో, అంతకు మించియో పట్టును. రక్తపు పోటు పడిపోయినపుడు చర్మమునకు నెత్తురు తగ్గి, చర్మము పాలిపోవును. అపుడు దద్దురులును వెలవెలబోవును. నేను ఔషధము గుణమని తలంచినది అపాయపు సూచనయే కావచ్చునని యిప్పుడు తోచుచున్నది.

ఈ యవస్థను అనాఫిలాక్సిసు అందురు. దీనికి మొదటి మందు ఆడ్రినలిను. అది హిస్టమిను పీటతో పోట్లాడదు. వెడలుపయిన నాళములను ముడుచుకొనజేయును, శ్వాసనాళములను సడలించును, గుండెకు బలమిచ్చును, మాస్టు కణముల విసురును తగ్గించును. దూత లెందరున్నను, వారు చేసిన హానినంతను ఎదురుగా నిలిచి త్రిప్పివేయును. తొడ కండరములోనికి సూదితో ఇచ్చినచో నిమిషములలో పనిచేయును. దురద బిళ్ళ దీనికి తోడుగా రావచ్చును గాని, దీనికి బదులుగా రాదు.

కావున శ్రోతలు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. కుట్టిన పిమ్మటగాని, తిన్న పిమ్మటగాని, మందు పుచ్చుకొన్న పిమ్మటగాని దద్దురుతోపాటు గొంతు పట్టినను, కంఠధ్వని మారినను, ఆయాసము వచ్చినను, కండ్లు తిరిగినను, వాంతులు ఆగకున్నను, బిళ్ళ గుణమునకై వేచియుండరాదు. రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్ళు కొంచెము ఎత్తుగా నుంచవలెను, ఆయాసపడువానిని కూర్చుండనీయవచ్చును, హఠాత్తుగా నిలువబెట్టి నడిపింపరాదు. ఆడ్రినలిను దొరకు చోటికి తక్షణము చేర్చవలెను. ఒకసారి యిట్టి యాపద దాటినవారు వైద్యుని సలహాపై ఆ సూదిమందును దగ్గర నుంచుకొనుట మేలు.

మెదడులో మనలను మేల్కొలిపి యుంచునదియు హిస్టమినే. పాతతరపు బిళ్ళలు మెదడులోనికి ప్రవేశించి దానిని అడ్డగించుటచే నిద్ర ముంచుకొని వచ్చును. అవి వేసికొని బండి నడుపరాదు, యంత్రముకడ నిలువరాదు. వృద్ధులకు మతిమరుపు, తూలుడు కలిగింపవచ్చును. రెండేండ్ల లోపు బిడ్డలకు ప్రొమెథజిను ఈయనే కూడదు. ఊపిరి మందగించు అపాయము కలదు. అల్లరి పిల్లవానిని నిదురపుచ్చుటకు ఈ మందు నాశ్రయించు తల్లిదండ్రులు ఈ మాట మరువకుందురుగాక. సెటిరిజిను, లొరటడిను, ఫెక్సోఫెనడిను వంటి క్రొత్తతరపు మందులు మెదడులోనికి తక్కువగా ప్రవేశించును. అందును సెటిరిజిను కొందరికి మగత కలిగించును.

ఈ చిన్న బిళ్ళను నిందించుటకు నేను రాలేదు. నెలల తరబడి దద్దురులతో నిదురలేని వారికి అది నిదుర నిచ్చినది. పుప్పొడి కాలమున కన్నుముక్కు లేకమై కారువారికి ఊరట నిచ్చినది. అది తన పని తాను చేయుచున్నది. దాని పని కాని దానిని దానిపై మోపువారము మనమే. మా మేనత్త తరువాత చాలయేండ్లు సుఖముగా నుండినది. నేను వైద్యుడనైన పిమ్మట సెలవులకు పోయినపుడెల్ల, "ఏరా, నీ బిళ్ళలు తెచ్చావా?" అని నవ్వెడిది. నేనును నవ్వెడివాడను. కాని దద్దురుతో ఎవరు నాయొద్దకు వచ్చినను, నాటినుండి నేటివరకు నేను మొదట చూచునది వారి చర్మము కాదు, ఊపిరి.